ఎసరు పెట్టి చూసి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీళ్లు మరగడం గురించి పిల్లల కోసం నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ "100 డిగ్రీలు చేరగానే నీరంతా ఆవిరైపోతుంది" అన్న చోట ఒళ్లు మండింది. అదే నిజమైతే మీ అమ్మ పెట్టిన ఎసరు తెర్లిన క్షణంలోనే గిన్నె ఎండిపోవాలి కదా!

గ్రాము నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 100 కేలరీలు చాలు. దాన్ని ఆవిరి చేయడానికి ఇంకో 540 దాకా కావాలి. అంత వేడి పోస్తున్నా థర్మామీటరు 100 దగ్గరే మొండికేస్తుంది. ఆ వేడి దాదాపు అంతా నీటి అణువులను ఒకదాన్నుంచి ఒకటి విడదీయడానికే ఖర్చవుతుంది. 1760ల్లో గ్లాస్గోలో శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ పట్టుకున్న గుప్తోష్ణం ఇదే. అసలు కథను అరవాక్యంలో దాటేశావు. పైగా ఆ 100 సముద్రమట్టం దగ్గరి లెక్క. లద్దాఖ్‌లో ఎంతో ఎత్తున ఉన్న లేహ్‌లో, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, నీరు 90 కూడా చేరకుండానే మరుగుతుంది, కుక్కర్ లేకపోతే పప్పు ఓ పట్టాన ఉడకదు.

నువ్వు పొయ్యి ముందు నిలబడి రాయలేదు, ఎక్కడో చదివి రాశావు. నాకు పడనిది అదే. మూత తీసి చూడు. మొదట గిన్నె గోడలకు అంటుకునే బుడగలు నీటిలో కరిగిన గాలివి. తర్వాత అడుగున పుట్టే ఆవిరి బుడగలు పైకి రాబోయి, ఇంకా కాగని నీటిలో చితికిపోతాయి. మరిగే ముందు వినిపించే రొద వాటిదే. అవి పైదాకా వచ్చి పగిలేసరికి రొద తగ్గి కుతకుత మొదలవుతుంది. నువ్వు రాసిన "తెల్లటి ఆవిరి" కూడా ఆవిరి కాదు, చల్లబడి మళ్లీ నీరైన తుంపర. అసలు ఆవిరి కెటిల్ కొమ్ముకు ఆనుకుని, ఏమీ లేనట్టు కనిపించే ఆ కాస్త జాగాలో ఉంటుంది.

అద్దె గదిలో కిరోసిన్ స్టవ్ మీద టీ నీళ్లు కాచుకుంటూ చూసి నేనిది రాస్తే, ఓ సంపాదకుడు "ఇంత లోతు ఎందుకండీ, పురాణాల్లో ఆవిరి ప్రస్తావన ఉంటే కలపండి" అని తిప్పి పంపాడు. ఆ పేరా ఇప్పటికీ అచ్చు కాలేదు. ఇప్పుడేమో అందరికీ "మీకు తెలుసా?" పిచ్చి. నీ వ్యాసంలోనూ ఉన్నాయి, అన్నీ కొట్టేయ్.

పబ్లిషర్ల సంగతి తర్వాత. ముందు ల్యాబ్ థర్మామీటరు ఒకటి సంపాదించు. ఇంట్లో జ్వరం చూసేది మాత్రం ముంచకు, పగిలిపోతుంది.