మందులు అయిపోయాక కడుపు సంగతి

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో మాట పూర్తి కాకుండానే బాత్రూంకి పరిగెత్తావు, అందుకే రాస్తున్నా. పంటి వాపు తగ్గింది, సంతోషం. యాంటీబయాటిక్ ఆపి మూడు రోజులైనా కడుపు మాత్రం దారికి రాలేదన్నావు. ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను, వార్డులో ఈ మాట వినని వారం లేదు.

పంటి దగ్గర చీము పట్టించిన బ్యాక్టీరియా ఏదో, పెద్దపేగులో మనతో కాపురం ఉన్నదేదో ఆ మాత్రకి తెలియదు. దొరికినవాటిని చంపేస్తుంది. పేగులో ఉండేవి ఊరికే తిని కూర్చోవమ్మా. మనకి అరగని పీచుని పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లం చేస్తాయి. పెద్దపేగు లోపలి పొరకి ముఖ్యమైన తిండి అదే. అవి తగ్గినప్పుడు అరగని పదార్థం అలాగే మిగిలి నీళ్లని పట్టి ఉంచుతుంది, విరేచనం పల్చబడుతుంది. చాలామందికి కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. లోపలి బ్యాక్టీరియా మునుపటిలా రావడానికి మాత్రం వారాలు పట్టచ్చు, ఒక్కోసారి నెలలు.

అందుకని తొందరపడకు. నేను పడ్డాను. ఒకసారి ఇలాగే మందులు వాడాక, పీచు మంచిదని మర్నాడే గిన్నెడు అలసంద గుగ్గిళ్లు తిన్నాను. రాత్రంతా పొట్ట డోలే! వాటిలో ఉండే రాఫినోజ్ లాంటి చక్కెరల్ని విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అవి పెద్దపేగులోకి చేరితే అక్కడి బ్యాక్టీరియా తిని గ్యాస్ వదులుతుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి వండితే కొంత నయం. అయినా నీకు ఈ వారం గుగ్గిళ్లు వద్దు.

ముందు ఓఆర్‌ఎస్, ప్యాకెట్ మీద రాసిన కొలతకే కలుపు. మెత్తటి అన్నం, పెసరకట్టు, అరటిపండు తిను. నాలుగు రోజులు పాల టీ మానెయ్. కడుపు చెడినప్పుడు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొందరికి అరగదు. పెరుగులో అయితే కొంత లాక్టోజ్‌ని తోడులోని బ్యాక్టీరియా ముందే తినేసి ఉంటుంది.

పెరుగు మందని మాత్రం అనుకోకు. అందులోవి చాలావరకు పేగులో స్థిరపడవు, వచ్చి పోయే చుట్టాలు. మజ్జిగ పులుసు మరిగిస్తే ఆ చుట్టాలూ ఉండరు, దాన్ని రుచికి తినాలంతే. అమ్మమ్మ పెట్టే చద్దన్నం మంచిదే కానీ, మీ హాస్టల్ నీళ్లతో ఇప్పుడు ప్రయోగాలు చెయ్యకు. ప్రోబయాటిక్ క్యాప్సూల్స్, అంటే మంచి బ్యాక్టీరియా నింపినవి, అన్నీ ఒకటి కాదు, డాక్టర్ రాస్తేనే కొను. కుదుటపడ్డాక ఆకుకూర, ముడిబియ్యం, పప్పులు కొద్దికొద్దిగా పెంచు. అసలు బలం అక్కడే.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా. రోజుకి మూడుసార్లకి మించి నీళ్ల విరేచనాలు అవుతున్నా, రక్తం పడినా, జ్వరమో గట్టి కడుపునొప్పో వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లు, యాంటీబయాటిక్ వాడిన సంగతి చెప్పు. మంచివి తగ్గిన చోట క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే మొండి బ్యాక్టీరియా పెరగొచ్చు. మందు ఆపిన కొన్ని వారాలకి కూడా అది బయటపడుతుంది. విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా మింగకు.

అన్నట్టు, స్ట్రిప్‌లో రెండు మాత్రలు మిగిలాయి, జలుబు చేస్తే పనికొస్తాయని దాచానన్నావు. జలుబు తెచ్చేది వైరస్, దానికి ఇవి పనిచెయ్యవు. అసలు కోర్సు పూర్తయితే ఆ రెండూ ఎలా మిగిలాయి? ఆదివారం ఫోన్‌లో ముందు అది చెప్పు.

మీ అత్త