‘ఊరికే పడి ఉన్న’ నాలుగు లక్షలు

ప్రశ్న: విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాను. బెంగళూరులో కొత్త కంపెనీలో ఆఫర్ వచ్చింది. చేతికి నెలకు రూ.82,000 వస్తుంది. ఆరు నెలలు ప్రొబేషన్. ఇంట్లో నేను, నా భార్య, నాలుగేళ్ల బాబు, అమ్మ. ఇక్కడ అద్దెతో కలిపి నెలకు రూ.40,000 ఖర్చవుతోంది. అక్కడ అద్దె కాకుండానే రూ.38,000 అవుతుందని అంచనా. వైట్‌ఫీల్డ్ వైపు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు చూశాం. అద్దెకైతే నెలకు రూ.25,000, ఐదు నెలల అడ్వాన్సు. అలా కాకుండా రూ.15 లక్షలు ఒకేసారి ఇస్తే మూడేళ్లు లీజుకు ఇస్తానని, అద్దె కట్టక్కర్లేదని, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగి ఇస్తానని ఓనర్ అంటున్నారు. బ్యాంకులో రూ.4 లక్షలు ఊరికే పడి ఉన్నాయి. నా భార్య నగల మీద రూ.3 లక్షలు తెచ్చి, ఇక్కడ రాజీనామా చేయకముందే రూ.8 లక్షల పర్సనల్ లోన్ తీసుకుంటే సరిపోతుంది. ఈఎంఐ దాదాపు అద్దెతో సమానం. మూడేళ్ల తర్వాత రూ.15 లక్షలు చేతికి వస్తాయి. ఇంతకన్నా మంచి మార్గం ఉందా?

జవాబు: ఉంది. మూడు నెలలు పీజీలో ఉండండి. అదెలాగో తర్వాత చెబుతాను. ముందు మీ ఉత్తరంలో నా కన్ను ఆగిన మాట గురించి మాట్లాడుకుందాం. ‘ఊరికే పడి ఉన్నాయి’ అన్నారే, ఆ నాలుగు లక్షల గురించి.

బెంగళూరు వెళ్లాక అద్దె రూ.25,000, మిగతా ఖర్చులు రూ.38,000, మొత్తం నెలకు రూ.63,000. ఆరు నెలలకు రూ.3.78 లక్షలు. అంటే మీ దగ్గరున్నది సరిగ్గా ఆరు నెలల అత్యవసర నిధి. తెలిసి చేశారో, తెలియక చేశారో గానీ నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది చేయలేని పని మీరు చేశారు. ఇప్పుడు, జీవితంలో ఆ డబ్బు అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యే ఆరు నెలల్లోకి అడుగుపెడుతూ, దాన్ని తీసుకెళ్లి ఇంటి ఓనర్ చేతిలో పెడతానంటున్నారు.

ప్రొబేషన్ అంటే ఏమిటో ఆఫర్ లెటర్‌లో ఇంకోసారి చదవండి. కంపెనీ మిమ్మల్ని వద్దనుకుంటే ఎన్ని రోజుల నోటీసు ఇస్తుందో అందులోనే ఉంటుంది. చాలా లెటర్లలో పదిహేను రోజులో, నెల రోజులో ఉంటుంది. నెల మధ్య దాటాక చేరితే మొదటి జీతం పై నెలతో కలిపి ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. పాత కంపెనీ లెక్కలు తేలి డబ్బు రావడానికీ కొంత సమయం పడుతుంది. మనిషి ఉద్యోగం మారినప్పుడే చేతిలో డబ్బు ఎక్కువ ఉండాలి. మీరు సరిగ్గా ఆ రోజునే సున్నాకు తెస్తున్నారు.

ఇక మీ ప్లాన్. పైపైన చూస్తే లెక్క తప్పేమీ కాదు, అదే దీనిలో ప్రమాదం. రూ.8 లక్షలకు 13 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ సుమారు రూ.26,950. నగల మీద అప్పుకు 10 శాతం వేసుకున్నా నెలకు రూ.2,500 వడ్డీ. మూడేళ్లలో కట్టే వడ్డీ మొత్తం సుమారు రూ.2.6 లక్షలు, మిగిలే అద్దె రూ.9 లక్షలు. కాగితం మీద మీరే గెలిచారు. మీ బ్రోకర్ కూడా ఇదే కాగితం చూపించి ఉంటాడు.

ఇప్పుడు అదే కాగితాన్ని ఓనర్ వైపు నుంచి చదవండి. మీ దగ్గర రూ.15 లక్షలు తీసుకుని ఏడాదికి రూ.3 లక్షల అద్దె వదులుకుంటున్నాడు. అంటే మీకు 20 శాతం వడ్డీ కడుతున్నాడు. మన ఊళ్ల భాషలో చెప్పాలంటే నూటికి దాదాపు రూపాయి డెబ్భై పైసల వడ్డీ. బెంగళూరులో సొంత ఇల్లున్న మనిషి ఆ ఇంటిని తాకట్టు పెడితే బ్యాంకు దీనిలో సగం వడ్డీకి, కాస్త అటూ ఇటుగా, అప్పిస్తుంది. మరి ఆయన బ్యాంకుకు వెళ్లకుండా మీ దగ్గరకు ఎందుకు వచ్చాడు?

జవాబు అన్నిసార్లూ చెడ్డదే అనను. పెద్దాయనకు ఆదాయపు కాగితాలు లేకపోవచ్చు, అమ్మాయి పెళ్లి ఉండొచ్చు, పై అంతస్తు కడుతూ ఉండొచ్చు. ఇల్లు బి-ఖాతాది, అంటే నగరపాలక సంస్థ రికార్డుల్లో అనుమతులు పూర్తిగా లేని ఆస్తిగా నమోదైనది అయితే చాలా బ్యాంకులు ముందుకు రావు, అదీ ఒక కారణమే. కానీ ఆ ఇంటి మీద ఇప్పటికే అప్పు ఉండి, బ్యాంకు ఇక ఇవ్వనని చెప్పేసి ఉంటే? కిస్తీలు ఆగిపోతే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టులో దావా వేయకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే పని మొదలుపెట్టవచ్చు. తాకట్టు పెట్టిన తర్వాత రాసుకున్న, రిజిస్టర్ కాని లీజు కాగితంతో ఆ బ్యాంకు ముందు నిలబడటం చాలా కష్టం. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. అయినా స్టాంపు డ్యూటీ దండగని బ్రోకర్లు నోటరీతో ముగించేస్తారు. మీ కాగితం ఎలాంటిదో మీరు రాయలేదు.

కన్నడంలో ఈ పద్ధతిని భోగ్య అంటారు. మన పల్లెల్లో పొలాన్ని భోగ్యానికి ఇచ్చిపుచ్చుకోవడం విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు, అందుకే మనవాళ్లు తొందరగా నమ్ముతారనుకుంటాను. కానీ ఊళ్లో అయితే పొలం ఎవరిదో, ఆయనకు ఎక్కడెక్కడ అప్పులున్నాయో రచ్చబండ మీద కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. వైట్‌ఫీల్డ్‌లో పక్క ఫ్లాటులో ఎవరున్నారో కూడా తెలియదు.

ఇంకో రకం మోసం కూడా ఉంది. మధ్యలో ఉన్న ఏజెంటు ఓనర్‌తో ‘నెలనెలా అద్దె నేను కడతాను’ అని ఒప్పందం రాసుకుని, మీ దగ్గర లీజు పేరుతో లక్షలు తీసుకుంటాడు. కొన్ని నెలలు అద్దె కడతాడు, తర్వాత ఫోన్ ఎత్తడు. ఓనర్ వచ్చి ‘మీరు నాకు ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఖాళీ చేయండి’ అంటాడు. బెంగళూరు పోలీసులకు ఇవి పాత కేసులే.

మోసం ఏమీ లేదనే అనుకుందాం. నా దగ్గరకు వచ్చిన ఒక జంటకు మూడేళ్లు పూర్తయ్యాక ఓనర్ చాలా మర్యాదగా చెప్పిన మాట: ‘కొత్తగా లీజుకు వచ్చేవాళ్లు డబ్బు ఇవ్వగానే మీది ఇచ్చేస్తాను.’ కొత్తవాళ్లు దొరకడానికి ఏడు నెలలు పట్టింది. అంతవరకూ వాళ్లు కొత్త ఆఫీసుకు రోజూ రెండు గంటలు అటు, రెండు గంటలు ఇటు ప్రయాణం చేస్తూ ఆ ఇంట్లోనే ఉండిపోయారు, ఖాళీ చేస్తే డబ్బు మీద పట్టు పోతుందని భయం. మీరిచ్చే రూ.15 లక్షలు ఓనర్ బీరువాలో ఉండవు కదండీ.

రాజీనామాకు ముందే లోన్ తీసుకుంటానన్నారు. ఈ మాట చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. పాత కంపెనీ పే స్లిప్పులు చూపించి, ఇంకో నెలలో ఆ జీతం ఉండదని తెలిసీ, బ్యాంకుకు ఆ సంగతి చెప్పకుండా ఎనిమిది లక్షలు తీసుకోవడాన్ని తెలివి అంటారా? దరఖాస్తులో ఉద్యోగం గురించి మీరు సంతకం పెట్టి చెప్పే మాట అది. ఎవరో స్నేహితుడు ‘అందరూ ఇలాగే చేస్తారు’ అని చెప్పి ఉంటాడు. కొత్త ఉద్యోగం నాలుగో నెలలో పోతే ఆ స్నేహితుడు ఈఎంఐ కట్టడు. అప్పుడు మీ నెల ఖర్చు రూ.67,000 పైనే, బ్యాంకులో సున్నా, నగలు తాకట్టులో. రూ.15 లక్షలు ఉన్నాయి గానీ మూడేళ్ల దాకా ముట్టుకోలేరు. అద్దె ఇల్లయితే ఒకటి రెండు నెలల నోటీసు ఇచ్చి, అడ్వాన్సు తీసుకుని, కుటుంబాన్ని విశాఖ పంపించి ఊపిరి పీల్చుకోవచ్చు. లీజు ఇంట్లో ఆ దారి కూడా ఉండదు.

ఉద్యోగం నిలబడినా సరే, ఈఎంఐ, వడ్డీ, ఇంటి ఖర్చులు పోగా నెలకు మిగిలేది రూ.14,500. ఖాళీ చేసిన నాలుగు లక్షల నిధిని మళ్లీ నింపడానికి రెండేళ్లకు పైగా పడుతుంది. ఆ రెండేళ్లూ అమ్మకు జ్వరం వచ్చినా, బండి చెడిపోయినా క్రెడిట్ కార్డే దిక్కు. నగల అప్పు కూడా సాధారణంగా ఏడాదికోసారి తిరగరాయించుకోవాల్సిందే. మర్చిపోతే వేలం నోటీసు వస్తుంది.

ఇక పీజీ సంగతి. బాబుకు నాలుగేళ్లే, మూడు నెలలు ఆలస్యమైతే చదువు ఆగిపోదు. కుటుంబాన్ని విశాఖలోనే ఉంచి మీరొక్కరే వెళ్లండి. పీజీకి, మీ ఖర్చులకు కలిపి రూ.20,000 వేసుకోండి. విశాఖ ఇంటికి రూ.40,000 పంపినా నెలకు రూ.22,000 మిగులుతుంది. మూడు నెలల్లో రూ.66,000. అప్పటికి ఆఫీసు ఎలా ఉందో, మేనేజర్ ఎలాంటివాడో, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ ఇంటి నుంచి ఆఫీసుకు ఉదయం తొమ్మిదింటికి ఎంతసేపు పడుతుందో మీకే తెలుస్తుంది. ఆ ఏరియాలో కావేరి నీళ్లు వస్తాయా, ట్యాంకరేనా అన్నది కూడా అక్కడ ఉంటేనే తెలుస్తుంది. 2024 వేసవిలో బెంగళూరు పడిన నీటి కష్టం గుర్తుంది కదా.

నాలుగో నెలలో ఇల్లు అద్దెకు తీసుకోండి. ఐదు నెలల అడ్వాన్సు రూ.1.25 లక్షలు, బ్రోకర్‌కు ఒక నెల అద్దె రూ.25,000. మీరు దాచిన రూ.66,000 పోగా నిధి నుంచి తీయాల్సింది రూ.84,000. అప్పటికీ రూ.3.16 లక్షలు, అంటే ఐదు నెలల ఖర్చు చేతిలోనే ఉంటుంది. తర్వాత నెలనెలా మిగిలే రూ.19,000తో ఐదు నెలల్లో ఆ లోటు పూడ్చేయొచ్చు. ఒక్క రూపాయి అప్పు లేదు, నగలు ఇంట్లోనే ఉంటాయి. సామాన్ల లారీ ఖర్చు కంపెనీ ఇస్తుందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి ఇవ్వాలనే షరతు ఉండొచ్చు, అదీ చూసుకోండి.

హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) పన్ను మినహాయింపు గురించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోకండి, కొత్త పన్ను విధానంలో అది లేదు. ఇల్లు కొనడం అనే మాట రెండేళ్ల వరకు ఎత్తకండి.

ఒక్క విషయం మాత్రం బయలుదేరేలోపే చూడండి. పాత కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమా సాధారణంగా ఆఖరి పని రోజుతోనే ఆగిపోతుంది. కొత్త కంపెనీ పాలసీలో అమ్మ ఉన్నారో లేదో తెలియదు. కుటుంబానికి ఒకటి, అమ్మకు విడిగా ఒకటి సొంతంగా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

ఆ ఇల్లు మీ ఆవిడకు అంత నచ్చితే అదే ఓనర్‌ని అద్దెకు అడగండి, అడ్వాన్సు నాలుగు నెలలకు దించమని బేరమాడండి. చాలామంది దిగుతారు. కాగితం మీద సంతకం పెట్టేముందు ‘ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటాం’ అన్న వాక్యం ఉందేమో వెతకండి, బెంగళూరులో అది మామూలే. డబ్బు ఓనర్ ఖాతాకే బ్యాంకు ద్వారా పంపండి, బ్రోకర్ చేతికి వద్దు. అద్దెకు ససేమిరా అని, లీజుకైతేనే ఇస్తానంటే, ఆయనకు డబ్బు ఎంత తొందరగా కావాలో మీకు అర్థమైపోయినట్టే. వేరే ఇల్లు చూసుకోండి.