బండి కబుర్లు: సిగ్నల్ దగ్గర ఉడికిపోతున్న అంబాసిడర్

ప్రశ్న: మా నాన్నగారి 1986 మోడల్ పెట్రోలు అంబాసిడర్‌ని ఇంకా నడుపుతున్నాను. సామర్లకోట రోడ్డెక్కితే బాగానే పోతుంది. కాకినాడ బజార్లో నాలుగు సిగ్నళ్లు దాటేసరికి టెంపరేచర్ ముల్లు పైకెక్కేస్తోంది. మెకానిక్ థర్మోస్టాట్ తీసేశాడు, అయినా అంతే. మారుతి 800 ఎలక్ట్రిక్ ఫ్యాను ఇంట్లోనే బిగించుకోవచ్చా? రేడియేటర్ కూడా మార్చాలా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: బిగించుకోవచ్చు. కానీ ఫ్యాను కొనేముందు ఒక ఆదివారం నాకివ్వండి.

మీ బండి జబ్బేమిటో మీ ఉత్తరంలోనే ఉంది. పరుగెడితే చల్లబడి, ఆగితే వేడెక్కుతోందంటే గాలి చాలడం లేదు. అంబాసిడర్ ఫ్యాను వాటర్ పంపు ముందే బిగించి ఉంటుంది, బెల్టు తిప్పితే తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. హైవే మీద ముల్లు ఎక్కి ఉంటే నేను రేడియేటర్‌నే అనుమానించేవాణ్ని. మీరు ఇప్పుడే దాని మీద డబ్బు పెట్టకండి.

అయితే మీ నాన్నగారు ఇదే ఫ్యానుతో మే నెల ఎండలో తిరిగారు కదా, అప్పుడు లేని వేడి ఇప్పుడెక్కడిది? దాదాపు నలభై ఏళ్లు బోరునీళ్లు తాగిన బండి అది. కాఫీ కాచే గిన్నెకి పట్టినట్టే లోపల సున్నం పట్టి ఉంటుంది. అందుకే ముందు కడగాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ అడుగు ట్యాపు, ఇంజన్ బ్లాకు పక్కనున్న ట్యాపు రెండూ విప్పండి. రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు, మడ్డంతా అక్కడే ఉంటుంది. రేడియేటర్‌కి అడుగు నుంచి పైకి, అంటే రోజూ నీళ్లు పోయే దిక్కుకి ఎదురుగా, తోట పైపు పెట్టి తేటనీళ్లు వచ్చేదాకా వదలండి.

చల్లారాక అని ఊరికే అనలేదు. నేను ఆర్టీసీ డిపోలో చేరిన కొత్తలో తుండుగుడ్డ ఉంది కదా అన్న ధీమాతో మరుగుతున్న రేడియేటర్ మూత తిప్పాను. ఎడం మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది.

ఆ మూతనీ చూడండి. అది ఉత్త మూత కాదు, లోపల ప్రెషర్ నిలిపే స్ప్రింగు. ఒక్కో పౌండు ప్రెషర్‌కి నీళ్లు మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. రబ్బరు ఎండిపోతే ఆ లాభం పోయినట్టే. మీ బండికి చెప్పిన పౌండ్ల మూతే కొనండి, ఎక్కువది పెడితే పాత హోసులు పగులుతాయి. బెల్టు వేలితో నొక్కితే అరంగుళం దిగాలి, అంతకంటే వదులు పనికిరాదు. ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే వేళ, వెనకబడినా ఇంజన్ కాగుతుంది, అదీ ఒకసారి చూపించండి.

థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు. దాన్ని తీసేయడం మన మెకానిక్కుల పాత చిట్కా. అది లేకపోతే పొద్దున్నే ఇంజన్ వేడెక్కదు, పెట్రోలు తాగేస్తుంది. కొత్తది తెచ్చి, దారం కట్టి, స్టవ్ మీద గిన్నెడు నీళ్లలో వేలాడదీయండి. దాని మీద 82 అని ఉంటే ఆ డిగ్రీల దగ్గర నోరు తెరవడం మొదలుపెట్టాలి. తెరిస్తేనే బిగించండి. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. కలిపి అమ్మేది కొంటే మళ్లీ నీళ్లు కలపకండి. కారిన కూలెంట్‌ని నేలమీద వదలొద్దు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, నాకితే చస్తాయి.

ఇంత చేశాక కూడా ముల్లు ఎక్కితే అప్పుడు ఫ్యాను. ముందు బండిలో బ్యాటరీని చార్జ్ చేసేది పాతకాలపు డైనమోనా, ఆల్టర్నేటరా చూసుకోండి. డైనమో అయితే సిగ్నల్ దగ్గర దాదాపు ఏమీ ఇవ్వదు, ఫ్యాను బ్యాటరీని తినేస్తుంది. ఆల్టర్నేటర్‌కి మారాకే ఫ్యాను జోలికి వెళ్లండి. కరెంటు ఇగ్నిషన్ స్విచ్ గుండా తీయొద్దు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) మీదుగా మందపాటి వైరు వేయండి. ఫ్యానుని వేడికి ఆన్ చేసే స్విచ్ బిగించడానికి రేడియేటర్ పై ట్యాంకులో మర కావాలి. ఆ మర అతికే టంకం పని మాత్రం రేడియేటర్ షాపులో చేయించండి, ఇంట్లో వద్దు.

మారుతి ఫ్యాను రేడియేటర్ వెనకనుంచి గాలి లాగేది. చోటు లేదని ముందుకి మార్చి, వైర్లు తిప్పేస్తే సరిపోతుందనుకోకండి. రెక్కల వంపు ఒకవైపుకే ఉంటుంది, గాలి బాగా తగ్గిపోతుంది. బిగించాక గ్రిల్ వైపునుంచి రేడియేటర్‌కి ఒక కాగితం ఆనించండి, అంటుకుని నిలబడితే గాలి సరిగ్గా లాగుతున్నట్టు.

పాత రెక్కలు తీసేటప్పుడు ఒక సంగతి. ఆ బోల్టులే పుల్లీని కూడా పట్టుకుంటాయి. రెక్కల మందం మేరకు వాషర్లు వేసి మళ్లీ బిగించండి, లేకపోతే బోల్టు కొస వెళ్లి వాటర్ పంపుకి తగులుతుంది. ఆ రెక్కల్ని పాతసామాన్లవాడికి మాత్రం ఇవ్వకండి. డిక్కీలో ఒక స్పానర్‌తోపాటు పడేసి ఉంచితే, ఫ్యాను మోటారు దారిలో కాలిపోయిన రోజున అవే మిమ్మల్ని ఇంటికి చేరుస్తాయి.