కణం విభజిస్తుందా, విభజించబడుతుందా, చీలుతుందా?

ప్రశ్న: గాజువాకలో ఒక స్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. "కణం రెండుగా విభజించబడుతుంది" అని నేను నోట్సు రాయిస్తే, పిల్లలు పరీక్షలో "కణం విభజిస్తుంది" అని రాస్తున్నారు. తప్పంటే, "పువ్వు వికసిస్తుంది అంటాం కదా టీచర్" అని ఎదురు అడుగుతున్నారు. ఏది ఒప్పు? ఒకడైతే స్టెమ్ సెల్‌ని "కాండకణం" అని రాశాడు. మూలకణం అనే ఎందుకు అనాలి?
– ఓ ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం

జవాబు: మీ పిల్లలు గట్టివాళ్లేనమ్మా! ముందు వాళ్ల సంగతి చూద్దాం. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలకు మనం "ఇంచు" తగిలించి క్రియలు చేసుకుంటాం. అంతమాత్రాన అవన్నీ ఒకేలా నడవవు. వికసించు, జీవించు, మరణించు అన్నప్పుడు "దేన్ని?" అన్న ప్రశ్న రాదు. ఖండించు, భుజించు, విభజించు అన్నప్పుడు వస్తుంది. "కణం విభజిస్తుంది" అనగానే "దేన్ని?" అని చెవి అడుగుతుంది. కాబట్టి పిల్లలు రాసింది పొరపాటే.

ఏమీ అనుకోనంటే ఒక మాట. మీరు రాయించింది ఇంకొంచెం పెద్ద పొరపాటు. సంపత్ వినాయకుడి గుడి ముందు కొత్త బండ్లకు పూజలు చూసే ఉంటారు. అక్కడ "కొబ్బరికాయ పగలగొట్టాం" అంటారు, లేదా "కాయ బాగా పగిలింది" అంటారు. "కాయ పగలగొట్టబడింది" అంటే పూజారిగారు మంత్రం ఆపి మరీ చూస్తారు. కొట్టినవాడి గురించి చెప్పాలంటే ఒక క్రియ, కాయ గురించే చెప్పాలంటే ఇంకో క్రియ. తెలుగులో ఇలాంటి జంటలు బోలెడు: చీలు–చీల్చు, తిరుగు–తిప్పు, ఆరు–ఆర్పు. అందుకే "బడు"తో మనకు పెద్దగా పనిపడదు. (ఇక్కడ "పనిపడదు" అన్నాను, భయపడు, నిలబడు అని కూడా అంటాం. వాటి దారి వేరు. వాటిలో ఒకరు చేస్తే ఇంకొకరికి జరగడమనేది లేదు.)

"2014లో రాష్ట్రం విభజించబడింది" అని పత్రికల్లో రాస్తే, వినడానికి బాగోకపోయినా విభజించినవాళ్లంటూ ఉన్నారు. కణాన్ని ఎవరు విభజించారు? తన క్రోమోజోములకు తానే నకళ్లు తీసుకుని, వాటిని చెరోవైపు సర్దుకుని, తానే రెండవుతుంది. అందుకని "కణం రెండుగా చీలుతుంది" అనండి. పరీక్షకు కాస్త బరువైన మాట ఉండాలనుకుంటే "విభజన చెందుతుంది" సరిపోతుంది. నా ఓటు మాత్రం చీలడానికే.

కణం లోపలికి వెళ్తే కథ మారుతుంది. అక్కడ లాగేవాళ్లున్నారు. "క్రోమోజోములు లాగబడతాయి" అనే బదులు "కండె పోగులు క్రోమోజోములను చెరోవైపు లాగుతాయి" అని రాయించండి. కండె అంటే నేతగాళ్లు నూలు చుట్టుకునేది. ఈ మాట పెట్టిన మహానుభావులెవరో గాని, ఎంత చక్కగా కుదిరిందో! 1882లో జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ ఫ్లెమింగ్ ఈ విభజనకు మైటోసిస్ అని పేరు పెట్టింది గ్రీకులో "దారం" అనే మాట నుంచే. మన "సమవిభజన"లో ఆ దారం పోయింది. కండెలో మిగిలింది. బీజకణాలు తయారయ్యేటప్పటి "క్షయకరణ విభజన" (మియోసిస్) అనగానే కొందరు పిల్లలకు క్షయ జబ్బు గుర్తొస్తుంది. మనిషిలో 46 క్రోమోజోములు 23 అవడమే ఇక్కడి క్షయమని చెబితే చాలు.

ఇక కాండకణం. స్టెమ్ అంటే కాండమేగా అనుకున్నాడు మీవాడు. ఈ మాటకు వెనక జర్మన్ "స్టామ్‌జెల్లె" ఉంది. 1868లో జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ వాడాడు. స్టామ్ అంటే చెట్టు మాను, వంశం కూడా. హెకెల్ ఉద్దేశం వంశమే. జీవులన్నిటికీ మూలమైన ఏకకణ జీవిని ఆయన ఆ పేరుతో పిలిచాడు. మనం వంశానికి "మూలపురుషుడు" అంటాం కదా, "మూలకణం" అలాంటిదే. సింహాచలం వెళ్లినవాళ్లకు ఇంకో పోలిక చెప్పొచ్చు. మూలవిరాట్టు గర్భగుడిలోనే ఉంటాడు, ఊరేగింపుకు వచ్చేది ఉత్సవమూర్తి. మూలకణం చీలినప్పుడు కూడా చాలాసార్లు ఒకటి మూలకణంగానే ఉండిపోతుంది, రెండోది రక్తకణమో ఇంకొకటో కావడానికి బయలుదేరుతుంది. రక్తాన్నిచ్చే మూలకణాలు ఉండేది ఎముకల మూలుగలో. మూలుగ మన మాట, మూలం సంస్కృతం. రెంటికీ చుట్టరికం కలపకండి.

చీలగా వచ్చినవాటిని "పుత్రికా కణాలు" అని రాసేవాళ్లున్నారు. తల్లివేరు, పిల్లవేరు అనే భాషలో "పిల్లకణాలు" ఉండగా ఆ అవస్థ ఎందుకు?

"విభజిస్తుంది" అని రాసినవాళ్లకు ఈసారికి మార్కు కోయకండి. మీ నోట్సులో కూడా దిద్దుబాటు ఉంది కదా. కాండకణం అన్న పిల్లవాడికి అరమార్కు ఇవ్వొచ్చు. జర్మన్ తెలియకుండానే సగం అర్థం పట్టుకున్నాడు.