నాలుగో నెలలో చెదిరిన నిద్ర

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు నీ దగ్గరే ఉంది. మొన్నటిదాకా రాత్రికి రెండుసార్లు లేచి పాలు తాగి పడుకునే బాబు నాలుగో నెల నిండగానే గంటన్నరకోసారి లేచి ఏడుస్తున్నాడని, పాలు చాలడం లేదేమో, రాత్రిపూట ఒక సీసా డబ్బాపాలు పడదామని మీ అత్తగారు అంటున్నారని చెప్పావు. ముందు ఆ సందేహమే తీర్చుకుందాం. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా గుడ్డలు తడుపుతూ, నెలనెలా బరువు పెరుగుతూ, మెలకువగా ఉన్నప్పుడు హుషారుగా ఆడుకునే బిడ్డకు పాలు చాలుతున్నట్టే లెక్క.

ఈ వయసులో పిల్లల నిద్ర తీరే మారుతుంది. తేలిక నిద్ర, గాఢ నిద్ర పెద్దవాళ్ళకు లాగే దశలుగా విడిపోతాయి, గంటకు కాస్త అటూ ఇటుగా ఒక్కో చుట్టు ముగిసినప్పుడల్లా బిడ్డకు సగం మెలకువ వస్తుంది. దీనికి తోడు బాబు బోర్లాపడటం నేర్చుకుంటున్నాడు కనుక నిద్రలో కూడా ఒత్తిగిలి తిరగబోయి లేస్తాడు. వాడు బోర్లాపడ్డాడని మీరు బొబ్బట్లు వండుకునే ముచ్చట వెనుక ఇన్ని రాత్రుల జాగారం ఉంటుందమ్మా.

నా పెద్దవాడి విషయంలో నేను ఇదే భయంతో రాత్రి సీసా పట్టాను. వాడి నిద్ర ఒక్క గంట కూడా పెరగలేదు. నాకు మాత్రం రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరం వచ్చింది, తరువాత పాలు తగ్గాయి, మళ్ళీ దారికి రావడానికి మూడు వారాలు పట్టింది. పాలు ఊరేందుకు కావలసిన హార్మోను రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది కనుక రాత్రి పాలు మానిపించడం మొదటికే మోసం.

ఇప్పుడు చేయవలసినది పగటిపూట ఉంది. ఈ నెలలో పిల్లలకు లోకం మీద ధ్యాస పెరుగుతుంది. టీవీ మోగినా, తలుపు చప్పుడైనా, ఎవరైనా పలకరించినా రొమ్ము వదిలి అటే తిరుగుతారు, పగలు తాగని పాలకు రాత్రి లెక్క సరిచేసుకుంటారు. అందువల్ల పగలు నాలుగైదుసార్లయినా తలుపు వేసి, కిటికీ తెర దించి, మాటలు లేకుండా కడుపు నిండా పట్టు.

రాత్రి బాబు కదలగానే లేవకు. తల అటూ ఇటూ తిప్పుతూ చిన్నగా మూలుగుతుంటే రెండు మూడు నిమిషాలు ఊరుకుని చూడు, కళ్ళు మూసుకునే ఉంటే చాలాసార్లు మళ్ళీ వాడే సర్దుకుంటాడు. పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ ముఖం నీ వైపు తిప్పితే మాత్రం, ఏడుపు ముదరకముందే పాలు పట్టు. పెద్ద దీపం వేయకు, మాట్లాడకు, గుడ్డ బాగా తడిస్తే తప్ప మార్చకు. పక్కకు తిరిగి పడుకుని పట్టేటట్లయితే పరుపు గట్టిగా ఉండాలి, దిండ్లు, దుప్పట్లు వాడికి దూరంగా ఉండాలి. సోఫాలో కూర్చుని పాలు పడుతూ కునుకు తీయడం చాలా ప్రమాదం. పాలు తాగాక వెల్లకిలా పడుకోబెట్టు.

ఎవరెంత చెప్పినా ఆరు నెలలు నిండేవరకు రాగిజావ, మంచినీళ్ళు వద్దు. ఏడాది దాటే వరకు తేనె నాకించవద్దు. సాంబ్రాణి పొగ వాసనగా బాగుంటుంది కానీ చంటిబిడ్డ ఊపిరికి మంచిది కాదు, ఈ మాట అత్తగారికి నెమ్మదిగా నేనే చెబుతాను.

నీ నిద్ర సంగతి అన్నిటికంటే ముఖ్యం. రాత్రి ఎనిమిదింటికే అన్నం తిని, బాబుకు పాలిచ్చి, వాడితో పాటు నువ్వూ పడుకో. మళ్ళీ పాలకు లేచేదాకా ఎత్తుకోవడం, జోకొట్టడం అల్లుడి వంతు. గిన్నెలు, బట్టలు తెల్లవారాక చూసుకోవచ్చు. బిడ్డ నిద్రపోయినా నీకు నిద్రపట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం రోజుల తరబడి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పు. బాబు పాలు తాగనని మొరాయించినా, జ్వరం వచ్చినా, గుడ్డలు తడపడం తగ్గినా తెల్లవారేదాకా ఆగవద్దు.

సాధారణంగా ఇది రెండు నుంచి ఆరు వారాలలో కుదుటపడుతుంది. ఆదివారం పొద్దుటి బస్సుకు బయలుదేరుతున్నాను, పొత్తిగుడ్డలకు నా పాత నూలు చీరలు ఉతికి పెట్టాను. నేనున్న వారం రోజులూ తెల్లవారుజామున పాలు తాగాక బాబును నాకు ఇచ్చేసి నువ్వు ఎనిమిదింటి వరకు పడుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ