బతికి బయటపడ్డారు, కానీ మునుపటి మనిషి కాదు

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మా ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవారు. ఏడాది కిందట బైక్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, విశాఖలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. కానీ చిన్న శబ్దానికే కేకలేస్తారు, లేదంటే రోజంతా మంచం దిగరు. మొన్న పిల్లల ముందే గిన్నె విసిరారు. ‘ప్రాణం దక్కింది, అదే పదివేలు’ అంటుంది అత్త. నాకేమో మనిషి పోయినట్టే ఉంది. ఇలా అనుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. మీరు కాపురం చేసిన మనిషి తీరు మారిపోయింది. దానికి ఏడుపొస్తే ఆయన బతికినందుకు సంతోషం లేదని కాదు. ఆ మాట అత్తగారితో వాదించి గెలవక్కర్లేదు.

కోపాన్ని అదుపు చేయడం, లేచి పనికి పూనుకోవడం ఎక్కువగా మెదడు ముందుభాగం చూసుకుంటుంది. అక్కడ దెబ్బ తగిలితే రెండూ దెబ్బతినొచ్చు. మంచం దిగకపోవడం బద్ధకమని తేల్చేయకండి. డిప్రెషనూ కావచ్చు, ఇలాంటి గాయం తర్వాత అది తరచుగా వస్తుంది, చికిత్స కూడా ఉంది. శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రిలో (రిమ్స్) మానసిక వైద్యులకు చూపించండి. అత్తగారినీ వెంట తీసుకెళ్లండి. కోడలు చెబితే ఎక్కనిది డాక్టరు చెబితే ఎక్కుతుంది.

ఇంకో సంగతి. ఫిట్స్ రాకుండా మాత్రలు వాడుతున్నారేమో చూడండి. లెవెటిరాసెటామ్ అనే మందు కొందరిలో చిరాకు, కోపం పెంచుతుంది. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు, ఫిట్స్ రావచ్చు. కోపం ఎప్పటినుంచి ఎక్కువైందో రాసుకుని, మందుల చీటీతో డాక్టరును అడగండి. మద్యం ముట్టనివ్వకండి.

ఇంట్లో టీవీ ఆపి, ఆయనకు ఒకసారికి ఒక్క మాటే చెప్పండి. పరామర్శకు వచ్చే చుట్టాలను తగ్గించండి, అది కాస్త మొహమాటమే అయినా. అలసిపోయాక ఏ లెక్కా అడగొద్దు. కోపంలో ఉన్నప్పుడు సర్దిచెప్పబోకండి, పిల్లలతో పక్కింటికి వెళ్లిపోండి. జబ్బువల్ల వచ్చిన కోపమైనా గిన్నె తగిలితే దెబ్బే కదా.

రోజూ సాయంత్రం కొంతసేపు ఆయన్ని అత్తగారికో మరిదికో అప్పగించి మీరు బయటికి వెళ్లండి. మీ నిద్ర ఎలా ఉందో రాయనేలేదు. చచ్చిపోవాలనుందని ఆయన అన్నా, మీకే అనిపించినా, ఒంటరిగా ఉండకుండా, ఉండనివ్వకుండా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రైనా తెలుగులో మాట్లాడతారు.