పదకొండో పేజీలోని ‘కూడా’

నల్లగొండ

బిడ్డా,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. మహబూబ్‌నగర్‌లో కూర్చుని చార్లీ మారియానో అనే అమెరికా జాజ్ శాక్సొఫోన్ కళాకారుడి మీద ఇరవై పేజీలు రాశావంటే నాకెంత సంతోషమైందో ముందు అది చెప్పాలి. మన దగ్గర సంగీతకారుల జీవితాలు రాసేవాళ్లే తక్కువ. రాసినా సినిమా దగ్గర ఆగిపోతాం. నువ్వు ఆగలేదు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను, మనసుకు పెట్టుకోకు.

1923లో బోస్టన్‌లో పుట్టుకతో మొదలుపెట్టి 2009లో కొలోన్‌లో మరణంతో ముగించావు. మధ్యలో స్టాన్ కెంటన్ ఆర్కెస్ట్రా, తొషికో అకియోషితో కలిసి నడిపిన క్వార్టెట్ అనే నలుగురి బృందం, 1963లో చార్లెస్ మింగస్ బృందం, తర్వాత యూరప్ బ్యాండ్లు. తేదీల్లో నాకు తప్పు కనిపించలేదు. కానీ పెళ్లిలో చదివింపులు చదివినట్టు పేర్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఎనభై ఐదేళ్లు బతికిన మనిషి అందులో నాకు ఎక్కడా దొరకలేదు.

పదకొండో పేజీలో దొరికాడు. అక్కడ ఒక్క వాక్యం రాశావు: ‘ఈయన నాదస్వరం కూడా నేర్చుకున్నాడు.’ ఆ ‘కూడా’ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఒక్కసారి ఆలోచించు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. ఆల్టో శాక్సొఫోన్ మీద పేరు తెచ్చుకున్నాడు. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో పిల్లలకు పాఠాలు చెప్పాడు. 1960ల చివర్లో మలేషియాలో పనిచేస్తున్నప్పుడు నాదస్వరం విన్నాడు. బాగుందని తలూపి లేచి పోవచ్చు, పోలేదు. నేర్పేవాళ్ల ముందు శిష్యుడిగా కూర్చున్నాడు. తర్వాత దక్షిణ భారతానికి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. 1983లో బెంగళూరు కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ వాళ్లతో, ఆర్.ఎ. రమామణి గాత్రంతో కలిసి రికార్డు చేశాడు. మొదట విన్నప్పటి నుంచి అప్పటికి పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లను నువ్వు ఒక్క మాటలో దాటేశావు.

వాయిద్యం గురించి ఒక సవరణ. శాక్సొఫోన్‌ను ‘ఇత్తడి వాయిద్యం’ అని రాశావు. ఒళ్లు ఇత్తడిదే, కానీ శబ్దం పుట్టేది మౌత్‌పీస్‌కు బిగించిన సన్నటి రెల్లు ముక్కలో. అందుకే దాన్ని ట్రంపెట్‌తో కాకుండా క్లారినెట్, ఫ్లూట్ ఉన్న వుడ్‌విండ్ కుటుంబంలో చేర్చారు. ఇది చిన్న విషయం అనుకోకు. మన సన్నాయి పలికేదీ రెల్లుతోనే. మారియానో దాటిన సముద్రానికి అటూ ఇటూ ఉన్నది రెల్లే. కానీ శాక్సొఫోన్‌కు ఒకటే రెల్లు ముక్క, నాదస్వరం కొసన నోట్లో పెట్టుకుని ఊదే పీకకు రెండు. శాక్సొఫోన్‌లో వేలు మీట నొక్కితే, దానికున్న ప్యాడ్ వెళ్లి రంధ్రాన్ని మూస్తుంది. నాదస్వరంలో మీటలు ఉండవు, ఏడు రంధ్రాలనూ వేళ్లతోనే మూయాలి. వేలిని కొంచెం జరిపి, పెదవి బిగువు మార్చి, ఊపిరి తగ్గించి గమకం తీయాలి. అంటే పాతికేళ్లుగా వేళ్లకు పట్టిన అలవాటును పక్కన పెట్టాలి. ఆ కష్టం ఎలా ఉంటుందో ఇంట్లో కూర్చుని ఊహించి రాయొద్దు. మీకు దగ్గర్లోనే మన్యంకొండ ఉంది. గుడి ఉత్సవాల్లో సన్నాయి పట్టేవాళ్లను కలువు, పక్కన కూర్చో. పీక తడపడం చూడు, కొత్త పీక ఎందుకు పలకదో అడుగు. వాళ్లు చెప్పిన ఒక్క మాట నీ మూడు పేజీల విశేషణాల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఇంకో మాట. జాజ్‌లో అప్పటికప్పుడు అల్లి వాయించడాన్ని ‘మనోధర్మం’ అన్నావు. తెలుగు పాఠకుడికి అందే మాటే, ఉంచు. కానీ రెండూ ఒకటే అన్నట్టు రాశావు, అది సరికాదు. రాగాలాపనలో కింద శ్రుతి కదలకుండా నిలబడి ఉంటుంది, గాయకుడు రాగంలోకి లోతుగా దిగుతాడు. జాజ్‌లో చాలామటుకు కింద కార్డుల వరుస, అంటే ఒకేసారి కలిపి పలికే స్వరాల గుంపుల వరుస, మారుతూ తిరుగుతుంటుంది. బ్లూస్ అనే బాణీ అయితే మామూలుగా పన్నెండు బార్లకు, అంటే పన్నెండు తాళపు కొలతలకు, ఒక చుట్టు. వాయించేవాడు ప్రతి చుట్టులో కొత్తది చెప్పాలి, కార్డు మారే చోటు తప్పకూడదు. నీకు పోలిక కావాలంటే మన ఒగ్గుకథ ఉంది కదా. బీరప్ప కథ ఎన్ని రాత్రులు చెప్పినా అదే కథ, డోలు దరువూ అదే. కానీ ముందు కూర్చున్న జనాన్ని బట్టి ఆ రాత్రి మాట వేరు. పూర్తిగా సరిపోయే పోలిక కాదు, అయినా పాలమూరులో నీ పాఠకుడికి తలుపు తెరుస్తుంది. తలుపు తెరిచాక తేడా చెప్పు.

కద్రి గోపాలనాథ్ పేరు ఎందుకు వదిలేశావో అర్థం కాలేదు. ఆయన ఇదే దారిలో అటు నుంచి ఇటు వచ్చాడు. నాదస్వరం వాయించే తండ్రికి పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సొఫోన్ విని దాని వెంట పడ్డాడు. దాని మీద కర్ణాటక సంగీతం పలికించడానికి ఏళ్లకేళ్లు పెట్టాడు. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవంలో వాయించాడు. ఒక పేరా చాలు, ఎక్కువ రాస్తే ఆయనే వ్యాసాన్ని తీసుకుపోతాడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. మా దేవరకొండలో ఒక బ్యాండు మాస్టరు ఉండేవాడు. పెళ్లిళ్లలో క్లారినెట్, తర్వాత హైదరాబాద్‌లో కొన్న పాత శాక్సొఫోన్. బారాత్ ముందు ఆయన నడుస్తుంటే పిల్లలం వెనక్కి నడుచుకుంటూ ఆయన బుగ్గలు చూసేవాళ్లం. ఆషాఢం వస్తే ముహూర్తాలు ఉండవు, కూలీ ఉండదు. ఆ నెలంతా వాకిట్లో చాప పరిచి, వాడకట్టు పిల్లలకు పైసా తీసుకోకుండా నేర్పేవాడు. ఆయన పోయాక నేను ఒక పత్రికకు నాలుగు పేజీలు రాశాను. ఏ దొర పెళ్లిలో వాయించాడు, ఎవరు శాలువా కప్పారు, ఎంతమంది శిష్యులు అన్నీ రాశాను. గర్వంగా వెళ్లి వాళ్ల ఇంటామెకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, ‘మరి పొద్దుగాల ఊదేది రాయలేదా సారూ?’ అంది.

ప్రతిరోజూ తెల్లారకముందు ఆయన ఒకే స్వరం పట్టేవాడు. పాట కాదు, ఒక్క స్వరం. సన్నగా మొదలై, నిండి, మళ్లీ సన్నగిల్లి ఊపిరి అయ్యేదాకా. ఆ వాడకట్టంతా దానికే లేచేది. నేనూ లేచేవాణ్నే, అయినా రాయాలని తోచలేదు. చాలా ఏళ్లకు తెలిసింది, శాక్సొఫోన్ నేర్పే జాజ్ గురువులు కూడా శిష్యులతో ముందు అదే చేయిస్తారని. లాంగ్ టోన్స్ అంటారు. ఎంత పెద్ద పేరొచ్చినా చాలామంది మానరు. దేవరకొండ వాకిట్లో మా మాస్టరుకు అది ఎవరు నేర్పారో నేను అడగలేదు. అడగడానికి ఇప్పుడు ఆయన లేడు. నలభై ఏళ్లయినా ఆ బాధ పోలేదు.

అందుకే నీతో గట్టిగా అంటున్నాను. మారియానో వాయించిన బ్యాండ్ల జాబితా ఎవరికైనా దొరుకుతుంది. రోజూ చేసిన పని దొరకదు, దాన్ని వెతకాలి. ఆయన గురువుగా ఎలాంటివాడో రాయాలంటే పేరున్న శిష్యులను లెక్కపెట్టకు. ఆయన ఇంటర్వ్యూలు చదువు. రికార్డులు విను, పాతదీ కొత్తదీ ఒకే రోజు పక్కపక్కన పెట్టి విను. నాదస్వరం నేర్చుకున్నాక ఆయన ఆల్టోలో ఏదైనా మారిందా, మారితే ఎక్కడ? నీ చెవికి వినిపించిందే రాయి, వినిపించకపోతే ఆ మాటే రాయి. ఆయన తన గురువుతో మాట్లాడినట్టు ఎనిమిదో పేజీలో నువ్వు కల్పించిన సంభాషణ తీసేయ్. బాగా రాశావు, అయినా తీసేయాలి. నిజంగా బతికిన మనిషి నోట్లో మనం మాట పెట్టకూడదు. ‘ఆ శాక్సొఫోన్ శాశ్వతంగా మూగబోయింది’ అనే చివరి వాక్యం కూడా వద్దు. కొలోన్‌లో ఎనభై ఐదో ఏట పోయాడని చెప్పు చాలు.

మొదలు ఎక్కడ అని అడుగుతావు. నాకైతే ఆయన మలేషియాలో నాదస్వరం విన్న దగ్గర మొదలవ్వాలి. బోస్టన్ తర్వాత వస్తుంది. నీకు ఇంకో చోటు తోస్తే అక్కడే మొదలుపెట్టు, కానీ పుట్టిన తేదీతో మాత్రం వద్దు.

ఈ ఆషాఢంలో వీలు చూసుకుని రా. జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా వచ్చి కొండమల్లేపల్లిలో దిగు, నేను నల్లగొండ నుంచి అక్కడికి వస్తాను. మా మాస్టరు దగ్గర నేర్చుకున్న ఒకాయన దేవరకొండలో ఇంకా బ్యాండు నడుపుతున్నాడు. రాత్రికి అక్కడే ఉండి, పొద్దున్నే లేచి ఆయన వాయించడం విందాం. వచ్చేటప్పుడు ఈ ఇరవై పేజీలు, కొట్టివేతలున్న చిత్తుప్రతితో సహా తీసుకురా. ‘కూడా’ ముందు ఏం రాసి కొట్టేశావో చూడాలి.

ఇంట్లో పెద్దవాళ్లను అడిగానని చెప్పు.